దుబాసీ మీద నింద

ఇంట్లో కంప్యూటరు చెడితే సినిమా ఆగుతుంది. కార్యాలయంలో సర్వరు చెడితే పదిమంది పని ఆగుతుంది. పదిమంది పని ఆగినచోట పదకొండోవాడి మెడకు వొక నేరం చుట్టుకుంటుంది. ఆ పదకొండోవాడు సాధారణంగా అక్కడున్న అందరికన్న చిన్న జీతగాడై వుంటాడు. కంప్యూటర్ల బాగోగులు చూడటమే నా వృత్తి గనుక, ఇటువంటి నేరవిచారణలు కొన్ని కళ్లారా చూశాను. వాటిలో తరచుగా వచ్చేది నెట్‌వర్కు కార్డు డ్రైవరు తగాదా. యీ వారం దాని సంగతి చిత్తగించండి.

యీ జబ్బు లక్షణం విచిత్రమైనది. సర్వరు మామూలుగానే లేస్తుంది. దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, లోపలి లెక్కలన్నీ పదిలంగా వుంటాయి. కాని పక్కగదిలో కూర్చున్నవారికి అది కనబడదు. మనిషి బ్రతికే వుండి మాట పడిపోయినట్లన్నమాట. ఇక అందరూ తలా వొక మందు చెబుతారు. వొకరు ఆపి వెయ్యమంటారు, వొకరు తీగ మార్చమంటారు, మరొకరు మొత్తం చెరిపేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కించమంటారు. యీ మూడో వైద్యుడితో జాగ్రత్తగా వుండాలి సుమండీ!

డ్రైవరంటే ఇక్కడ కారు నడిపేవాడు కాడు, దుబాసీ. సర్వరులో పెత్తనం చేసే మూలప్రోగ్రామును కెర్నలు అంటారు. దాని భాష వేరు, కార్డు భాష వేరు. ఇంటెల్ వారి కార్డు మాట్లాడే భాష బ్రాడ్‌కామ్ వారి కార్డుకు తెలియదు. అందుచేత వొక్కొక్క జాతి కార్డుకు వొక్కొక్క దుబాసీ కావాలి. పూర్వం దొరల కచేరీలో వ్యవహారం చెడితే ఉభయపక్షాలూ దుబాసీనే తిట్టేవారట. కంప్యూటరులోనూ అదే ఆచారం. నెట్‌వర్కు రాలేదనగానే "డ్రైవరు పోయింది" అనేస్తారు. పోయిందో లేదో తేల్చుకోవటానికి నాలుగు ప్రశ్నలున్నాయి. వాటిని వరసగా అడగాలి. వరస తప్పితే పూటంతా పోతుంది.

మొదటి ప్రశ్న: కార్డు యంత్రానికి కనబడుతున్నదా? లినక్సు సర్వరులో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ యిస్తే లోపలున్న కార్డుల పట్టీ వస్తుంది. ప్రతి కార్డుకూ వొక సంఖ్య వుంటుంది. అందులో మొదటి సగం ఇంటిపేరు, రెండో సగం సొంతపేరు. ఇంటెల్ వారి ఇంటిపేరు 8086. వారు 1978లో విడుదలచేసిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరే అది. పట్టీలో కార్డే లేకపోతే ఏ డ్రైవరూ చెయ్యగలిగింది లేదు. కరెంటు తీసి, కార్డును వూడదీసి, గట్టిగా కూర్చోబెట్టి చూడాలి.

రెండో ప్రశ్న: దుబాసీ వచ్చాడా? అదే ఆజ్ఞకు "కే" అనే అక్షరం తగిలిస్తే, యీ కార్డును ఏ డ్రైవరు పట్టుకున్నదో పక్కనే చెబుతుంది. ఆ చోటు ఖాళీగా వుంటే దుబాసీ రాలేదన్నమాట. కార్డు మరీ కొత్తదీ, కెర్నలు మరీ పాతదీ అయితే యిట్లా జరుగుతుంది. వొక్కొక్కప్పుడు దుబాసీ వచ్చినా, అతని చేతికి ఫర్మ్‌వేరు అనే ఫైలు అందదు. కార్డులోపలికి ఎక్కించవలసిన చిన్న ప్రోగ్రామది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 6లో, స్వేచ్ఛా లైసెన్సు లేని ఇటువంటి ఫైళ్లను కెర్నలునుంచి తీసివేశారు. దానితో బ్రాడ్‌కామ్ వారి నెట్‌ఎక్స్‌ట్రీమ్ 2 కార్డులున్న సర్వర్లమీద డెబియన్ ఎక్కించేవారికి చిక్కు వచ్చింది. ఆ ఫైలు దింపుకోవాలంటే నెట్‌వర్కు కావాలి, నెట్‌వర్కు రావాలంటే ఆ ఫైలు కావాలి! పెళ్లి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. ముందుచూపు కలవారు ఆ ఫైలును వేరే యంత్రంలో దింపి పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లేవారు. చివరికి 2022లో డెబియన్ సభ్యులు ఓట్లు వేసి దారి మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12నుంచి ఆ ఫైళ్లు ఎక్కింపు డిస్కులోనే వస్తున్నాయి.

మూడో ప్రశ్న: దుబాసీ ఏమంటున్నాడు? చాలామంది అడగని ప్రశ్న యిదే. డ్రైవరు నోరు మూసుకుని కూర్చోదు. తన బాధ కెర్నలుతో చెప్పుకుంటుంది, కెర్నలు దాన్ని దినచర్యలో రాసుకుంటుంది. డీమెసెజ్ అనే ఆజ్ఞ ఆ దినచర్యను తెరిచి చూపుతుంది. ఫలానా ఫైలు దొరకలేదనీ, ఫలానా సమయానికి కార్డు బదులు పలకలేదనీ అందులోనే వుంటుంది. విండోస్ సర్వరు యిదే సంగతిని అంకెలలో చెబుతుంది. డివైస్ మేనేజరులో కోడు 28 అంటే డ్రైవరు ఎక్కించనే లేదు. కోడు 10 అంటే పరికరం మొదలుకాలేక పోతున్నది. కోడు 52 అంటే డ్రైవరుమీది డిజిటల్ సంతకం సరిచూడటం కుదరలేదు. యీ మూడింటికీ మందులు వేరువేరు. అంకె చదవకుండా మందు వేసేవాణ్ణి ఏమనాలో మీకే వదిలేస్తున్నాను.

నాలుగో ప్రశ్న: తీగలో ప్రాణం వున్నదా, పేర్లు కలిశాయా? ఈథ్‌టూల్ అనే పనిముట్టు, అవతలి స్విచ్చితో సంబంధం కుదిరిందో లేదో వొక్క ముక్కలో చెబుతుంది. కుదిరిందని చెప్పినా మాట సాగకపోతే, అప్పుడు పేరు చూడాలి. యీ పేరు సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి.

పూర్వం లినక్సులో నెట్‌వర్కు కార్డులకు ఈథ్0, ఈథ్1 అని పేర్లుండేవి. ముందు కనబడ్డదానికి సున్నా, తరువాతిదానికి వొకటి. సర్వరు మళ్లీ లేచినప్పుడు రెండో కార్డు ముందు కనబడితే పేర్లు తారుమారయ్యేవి. యీ బాధ తప్పించాలని 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197లో కొత్త పద్ధతి పెట్టారు. కార్డు ఎక్కడ కూర్చున్నదో దానినిబట్టే పేరు. ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో బస్సులో సున్నా స్లాటులోని ఈథర్‌నెట్ కార్డు అని అర్థం. చక్కని యేర్పాటే. కాని వీధిలోకి కొత్త యిల్లు వస్తే యిళ్ల నంబర్లు జరగవచ్చు గదా!

వొక ఊళ్లో రక్తనిధి వున్నది. ఊరి పేరూ, సంస్థ పేరూ మనకు అనవసరం. ఏ గ్రూపు రక్తం ఏ ఫ్రిజ్‌లో ఎన్ని సంచులున్నదీ అక్కడి సర్వరే చెప్పాలి. వొక రాత్రి అక్కడ పనిచేసే కుర్రవాడు, పైవారు చెప్పినట్లే, సర్వరులో డిస్కులకోసం కొత్త కార్డు వొకటి బిగించాడు. తెల్లారేసరికి కౌంటరులోని తెరలన్నీ ఖాళీ. నేను వెళ్లేటప్పటికి యిద్దరు నర్సులు ఫ్రిజ్ తలుపులు తెరిచి, వొక్కొక్క సంచీమీది చీటీ చదువుతున్నారు. బయట బల్లమీద వొక పెద్దాయన, కూతురి కాన్పుకోసం రాసిచ్చిన చీటీ పట్టుకుని కూర్చున్నాడు. మేనేజరుగారు ఫోనులో కొత్త నెట్‌వర్కు కార్డు ధర కనుక్కుంటున్నారు.

"డ్రైవరు పోయిందండీ. వీడు ఏదో పెట్టాడు, ఉన్నది కాస్తా తగలబడింది. కార్డు ఖరీదు వీడి జీతంలోనే విరగ్గొడతాను," అన్నారాయన.

కుర్రవాడు తల యెత్తలేదు. "నేను అది ముట్టుకోలేదు సార్," అని మాత్రం అన్నాడు.

నాలుగు ప్రశ్నలూ అడిగాను. కార్డు కనబడుతున్నది. డ్రైవరు పట్టుకునే వున్నది. దినచర్యలో ఫిర్యాదు లేదు. తీగలో ప్రాణం వున్నది. ఇక పేరు చూస్తే, కార్డు పేరు ఈఎన్‌పీ4ఎస్0. అమరికల ఫైలులో రాసి వున్నది ఈఎన్‌పీ3ఎస్0. కొత్త కార్డు రావటంతో బస్సు నంబరు వొకటి జరిగింది. సర్వరేమో తన నెట్‌వర్కు చిరునామాను, ఇప్పుడు లేని ఇంటికి పంపుతూ కూర్చున్నది. మూడును నాలుగు చేశాను. తెరలు వెలిగాయి. నర్సులు ఫ్రిజ్ తలుపులు మూశారు. తరువాత, మళ్లీ ఇల్లు మారినా పేరు మారకుండా, కార్డులో పుట్టుకతో వచ్చే మ్యాక్ నంబరుకే పేరును ముడివేశాను.

"అయితే కార్డు పోలేదా?" అన్నారు మేనేజరుగారు.

"కార్డూ పోలేదు, డ్రైవరూ పోలేదు. అబ్బాయి బిగింపులోనూ లోపం లేదండీ," అన్నాను.

ఇది చిన్న ఊరి చిన్న పొరపాటని తీసిపారెయ్యకండి. మహామహులున్నచోట కూడా యిదే జరిగింది. 2008 సెప్టెంబరులో, లినక్సు కెర్నలు 2.6.27 యింకా పరీక్షల దశలో వుండగా, దాన్ని నడిపి చూసినవారిలో కొందరి ఇంటెల్ నెట్‌వర్కు కార్డులు ఉన్నట్టుండి మూగవోయాయి. కార్డులోని శాశ్వత జ్ఞాపకం చెరిగిపోయి, అది తన్ను తాను మరచిపోయింది. ఆ కార్డులను నడిపే డ్రైవరు పేరు ఈ1000ఈ. ఇంకేం, నేరం దానిమీద పడింది. ముందుజాగ్రత్తగా కొన్ని లినక్సు పంపిణీలవారు తమ పరీక్షా ప్రతులలో ఆ డ్రైవరును పక్కన పెట్టేశారు. అక్టోబరు 9న 2.6.27 విడుదలయ్యేనాటికి కార్డు జ్ఞాపకానికి తాళం కూడా వేశారు.

కాని అసలు దొంగ డ్రైవరు కాదని తరువాత తేలింది. కెర్నలులో ఏ పని ఎప్పుడు జరుగుతున్నదో కనిపెట్టటానికి ఎఫ్‌ట్రేస్ అనే పరికరం వొకటి కొత్తగా పెట్టారు. అది కొన్ని చిరునామాలు రాసి పెట్టుకుని, తరువాత అక్కడికి వెళ్లి చిన్న దిద్దుబాట్లు చేస్తుంది. ఈలోగా ఆ చోట వున్న ప్రోగ్రాము ముక్క ఖాళీచేసి పోయింది. అదే చిరునామాలోకి కార్డు తాలూకు జ్ఞాపకం కాపురం వచ్చింది. ఎఫ్‌ట్రేస్ పాత చిరునామా పట్టుకుని వెళ్లి, కొత్తవారింట్లో రాత రాసింది! కొద్ది రోజులకే వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్ వారి ఆ పద్ధతిని నిలిపివేశారు. దెబ్బ తిన్నది కార్డు, తిట్లు తిన్నది డ్రైవరు, చేసినది మూడోవాడు. ఆ మూడోవాడిని పట్టించింది ఎవరి అనుమానమూ కాదు, ఓపికగా చేసిన పరీక్షలు.

ఇక సర్వరు పెట్టుకునేవారికి రెండు ముక్కలు. కొనేముందే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ వారు ఒప్పుకున్న కార్డుల పట్టీ చూడండి. నిన్న పనిచేసింది గనుక రేపూ చేస్తుందనుకోకండి. వీఎమ్‌వేర్ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0లో, 2020లో, లినక్సునుంచి తెచ్చుకున్న పాతరకం డ్రైవర్లకు స్వస్తి చెప్పారు. 6.7లో బయటి డ్రైవరుతో నడుపుకున్న రియల్‌టెక్ కార్డులు కొత్తదానిలో కనబడక చాలామంది తెల్లబోయారు. అందుచేత పాత కెర్నలును వెంటనే చెరపకండి. కార్డు డ్రైవరునూ, ఫర్మ్‌వేరునూ పెన్‌డ్రైవులో దాచి సర్వరు పక్కనే వుంచండి. నెట్‌వర్కు లేకపోయినా లోపలికి వెళ్లటానికి వొక తెరా, వొక కీబోర్డూ అందుబాటులో వుంచుకోండి.

ఇంకొక పని కూడా వున్నది, దీనికి ఖర్చు లేదు. ఆ నాలుగు ప్రశ్నలూ వొక కాగితంమీద రాసి సర్వరు గది తలుపుకు అంటించండి. జీతంలో కోత కోస్తానని బెదిరించేవారి దృష్టికి అందేటంత ఎత్తులో అంటించండి.