పిల్లి మెడలో గుదిబండ

తద్దినం నాటి పిల్లి కథ మనకు కొత్త కాదు. తద్దినం పెట్టేవేళ పిల్లి అడ్డం తిరుగుతోందని తండ్రి దాన్ని గంప కింద మూశాడు. కొడుకు హయాం వచ్చేసరికి ఇంట్లో పిల్లి లేదు. పక్కింటి పిల్లిని పట్టుకొచ్చి మరీ మూశాడు! ఈ కథ చెప్పని హేతువాద వక్త లేడు, నవ్వని శ్రోత లేడు. కానీ గంప కింది పిల్లి సంగతి ఎవరైనా అడిగారా?

ఆ గంప ఇప్పుడు కొత్త రూపంలో వచ్చింది. పెంపుడు పిల్లి వంటగట్టు మీదికి దూకకుండా మెడకు వేసే పట్టీలట. కొన్ని ఒంటిని సాగనివ్వకుండా బిగించి ఉంచుతాయి, కొన్ని షాకు ఇస్తాయి. ఇక్కడ రాయపూర్‌లో, పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానేవాళ్లను వెక్కిరించే మన మిత్రులే "తప్పేముంది?" అంటున్నారు.

టోనహీ పేరుతో జరిగే హింసకు వ్యతిరేకంగా 2005లో చట్టం చేసిన రాష్ట్రం ఇది. ఆ చట్టం గురించి చెప్పేటప్పుడు మనం ముందుగా అడిగేది "రుజువేది?" అని. పట్టీ అమ్మేవాణ్ణి అదే మాట ఎందుకు అడగం? పొలాల మీద పడే పశువుకు గుదిబండ కట్టడం పాత పద్ధతి. దానికి ప్లాస్టిక్ బకిలు తగిలించి రంగుల డబ్బాలో పెడితే సైన్సు అయిపోతుందా?

పిల్లి పొగరుబట్టి దూకదు. తన ఎత్తుకు ఎన్నో రెట్లు ఎగరగల వెనక కాళ్లు దానివి. ఎత్తున ఉంటే దానికి భద్రత, చుట్టూ ఏం జరుగుతోందో కనబడుతుంది. పైగా గట్టు మీద చేపముక్క ఉంది. 1898లో థార్న్‌డైక్ పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూపించింది ఇదే. ఏ పనికి ఫలితం దొరికితే ఆ పనే అవి మళ్లీ చేస్తాయి.

1948లో స్కిన్నర్ పావురాలకు, అవి ఏం చేసినా చేయకున్నా, నిర్ణీత వ్యవధిలో గింజలు పడేలా ఏర్పాటు చేశాడు. గింజలు పడ్డప్పుడు యాదృచ్ఛికంగా చేస్తున్న పనినే కొన్ని పదేపదే చేయసాగాయి. ఆయన దానికి పెట్టిన పేరు మూఢనమ్మకం! మెడ దగ్గర షాకు తగిలిన పిల్లి కూడా దాన్ని గట్టుతోనే ముడిపెడుతుందని హామీ ఏముంది? ఎదురుగా ఉన్న పసిపిల్లతో ముడిపెట్టవచ్చు. మనుషుల మూఢనమ్మకాలు పోగొట్టడానికి బయలుదేరి పిల్లికి కొత్తది నేర్పుతామా?

"పొయ్యి మీద పడి కాలుతుంది కదా?" అంటారు. న్యాయమైన భయమే. అయితే వంటవేళ తలుపు వేయండి. గిన్నెలకు మూతలు పెట్టండి. కిటికీ పక్కన ఎత్తుగా ఒక బల్ల వేసి, దానిమీదికి ఎక్కినప్పుడల్లా ఒక ముక్క పెట్టండి. పట్టీ వేస్తే ప్రమాదం పోదు, పెరుగుతుంది. కుక్క తరిమితే గోడెక్కడమే పిల్లికి రక్ష. మామూలు పట్టీ కూడా దేనికైనా తగులుకుంటే మెడకు ఉరి పడవచ్చు. అందుకే లాగితే ఊడిపోయే పట్టీలు వచ్చాయి. దూకుడును ఆపాల్సిన పట్టీ లాగితే ఊడిపోతే ఇక దేనికి పనికొస్తుంది?

రాజ్యాంగంలోని 51-ఎ(హెచ్) మనకు కంఠోపాఠం. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి. దాని పైవరుస, 51-ఎ(జి), ఎందరికి గుర్తుంది? ప్రాణుల పట్ల దయ చూపమంటుందది. రెండూ 1976 నాటి 42వ సవరణలో కలిసే వచ్చాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా జంతువును మరీ పొట్టి తాడుతోనో బరువైన గొలుసుతోనో అదే పనిగా కట్టి ఉంచడాన్ని నేరమంది. వేల్స్ 2010లోనే కుక్కలకూ పిల్లులకూ షాకు పట్టీలు నిషేధించింది.

దయ అనగానే అది భక్తుల వ్యవహారం అనుకునే హేతువాదులున్నారు. కాదండీ! కారణం వెతకకుండా కట్టెయ్యడమే మనం ఇన్నాళ్లూ తిట్టిన పద్ధతి. పట్టీ కొన్నవాళ్లు ఈ పూటే విప్పేయండి. చేపముక్కకు మూత పెట్టండి.