పలనాటి యువకుల బాధ్యత

2024వ సంవత్సరము మే 13వ తేదీని పలనాటిలో జరిగిన యెన్నికలను దేశమంతయు జూచినది. మాచర్ల నియోజకవర్గమున, రెంటచింతల మండలమందలి పాల్వాయి గేటు పోలింగు కేంద్రములో నాటి శాసనసభ్యుడొకరు వోటింగు యంత్రము నెత్తి నేలగొట్టిన దృశ్యమును అక్కడ నమర్చిన కెమెరాయే పట్టియిచ్చెను. మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతములలో నాడును మరునాడును రాళ్లు, కర్రలు స్వైరవిహారము చేసినవి. ఎన్నికల సంఘము రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, పోలీసు అధిపతిని ఢిల్లీకి బిలిపించి సంజాయిషీ యడిగెను. జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేయించెను. కలెక్టరును బదిలీ చేయించెను. ప్రత్యేక విచారణకు నుత్తరువు లిచ్చెను. వోట్ల లెక్కింపు ముగిసిన తరువాత గూడ 15 దినములు 25 కేంద్ర దళములను రాష్ట్రమున నిలుపవలసివచ్చెను. 2022 ఏప్రిలులో నేర్పడిన పల్నాడు జిల్లా రెండేండ్లలో గడించుకొనిన కీర్తి యిది.

అధికారులపై చర్య వెనువెంటనే జరిగినది. నాయకుల తప్పొప్పులను న్యాయస్థానములు తేల్చవలసియున్నది. కాని నాడు కర్ర పట్టినది, రాయి విసరినది యెవరు? ఇరువది, ఇరువదియైదేండ్ల పడుచువా రందులో నెందరో కలరని పలనాటి నెరిగినవా రెవ్వరును కాదనరు. "నీవేల పోతివి?" అని వారి నడిగినచో మూడు ప్రత్యుత్తరములు వినవచ్చును. అన్న రమ్మనెను, పోతిని. అందరును బోయిరి, నేనును బోతిని. ముందు వారు మొదలిడిరి, మేము బదులిచ్చితిమి. ఈ మూటిలో నెక్కడను "నేను చేసితిని" అను మాట లేదు. బాధ్యత యనునది ఆ యొక్క మాటలోనే కలదని మా యభిప్రాయము.

చట్టమునకీ ప్రత్యుత్తరములతో బనిలేదు. చట్టవిరుద్ధమైన గుంపు తన యుమ్మడి యుద్దేశమును నెరవేర్చుకొనుటకై చేసిన నేరమునకు, అప్పుడు గుంపులో నున్న ప్రతివాడును దోషియే యని పాత శిక్షాస్మృతి 149వ విభాగము చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ నియమమే 190వ విభాగముగా నిలిచియున్నది. "నేను కొట్టలేదు, వెంట మాత్ర ముంటిని" అనువా డీ సంగతి నెరుగవలెను. ప్రభుత్వోద్యోగము చేతికందు వేళ పోలీసు విచారణలో పాత కేసు బయటపడును. 1967 నాటి పాస్‌పోర్టు చట్టము ననుసరించి, కోర్టులో క్రిమినల్ కేసు నడచుచున్నవానికి పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. ఆ కోర్టు అనుమతి తెచ్చుకొననిదే వానికి విదేశయాత్ర సాగదు. కుమారుని అమెరికా చదువునకై తండ్రి రెండెకరముల మాగాణి యమ్మజూచుచుండ, కుమారు డొక సాయంకాలపు టావేశములో నా త్రోవను దానే మూసికొనుచున్నాడు. రమ్మనిన అన్నకు ముందస్తు బెయిలు తెచ్చు వకీళ్లు కలరు. వెంటబోయిన తమ్మునికి వాయిదాలు మిగులును.

ఎన్నికలతో నీ జాడ్యము ముగియలేదు. ఆ సంవత్సరమే జూలై 17వ తేదీ రాత్రి వినుకొండ నడివీథిలో, జనులు చూచుచుండగా, ఒక యువకుడు కత్తివాత బడెను. నిందితుడును యువకుడే. హతు డే పక్షమువాడు, నిందితు డే పక్షమువాడు అను వాదము పిమ్మట దినములకొలది రాష్ట్రమంతట సాగినది. ఒక తల్లి కడుపుకోతకన్న పక్షము పేరు పెద్దదైనది. "ఎవడు చేసెను?" అనుటకన్న ముందు "ఎవరివాడు?" అని యడుగు చోట బాధ్యత యెట్లు మొలకెత్తును?

పౌరుషమును గూర్చి చెప్పవలసినపుడెల్ల బాలచంద్రుని దలచుకొనుట పలనాటివారి కలవాటు. కార్తికామావాస్యనాడు రాచగావుతో నారంభమై కల్లిపాటితో ముగియు అయిదు దినముల వీరారాధనకు నేటికిని కారెంపూడికి జనులు తండోపతండములుగా వచ్చుచున్నారు. కాని మన మా కథలోని కత్తిని జూచి బొంగరమును మరచితిమి. బాలచంద్రు డాడుచున్న బొంగర మొక స్త్రీ పాదమునకు దగిలి గాయపరచినది. నీవారు రణభూమికి బోయియుండ నీ వాటలాడుచున్నావా యని యామె నిలదీసినది. బ్రహ్మనాయని కుమారుడు తలచుకొనినచో నామెను గద్దించి పంపివేయగలడు. అట్లు చేయక, ఆ మాట తనకే చెందునని గ్రహించెను. యుద్ధమునకు దన్ను దూరముగా నుంపవలెనని పెద్దలు తలచినను, తన నిశ్చయముతో దాను బోయెను. ఎవరో పంపగా బోయినవాడు కాడు.

అయినను ఆ కథ యొక హెచ్చరిక గూడ. కోడిపందెముతో ముదిరిన పట్టుదల నాగులేటి యొడ్డున వీరుల రక్తముతో ముగిసినది. అందువలన పలనాటికి దక్కిన లాభ మేమియు లేదు. ఆ కథలో బాలచంద్రుని దోషముకన్న పట్టు విడువని పెద్దల దోషమే హెచ్చు. నేటి కథలోను నంతే.

పెద్దలు బాధ్యత వహించు తీరు తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. అడవిలో బశువుల మేతకు విధించిన పుల్లరి చెల్లింపమని మించాలపాటి కన్నెగంటి హనుమంతు తెల్లదొరతనము నెదిరించి, 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలియయ్యెను. పడుచువాండ్రను ముందుకు ద్రోసి తాను వెనుక దాగలేదు. ఆ నెలలోనే చౌరీచౌరాలో జనసమూహము ఠాణాకు నిప్పుపెట్టి పోలీసువారిని బొట్టబెట్టుకొనగా, గాంధీమహాత్ముడు "వారు నా మాట వినలేదు" అని తప్పించుకొనలేదు. ఉద్యమమును నిలిపివేసి అయిదు దినము లుపవసించెను. మార్చి 18వ తేదీని అహమ్మదాబాదు న్యాయస్థానమున ఆ దుష్కృత్యముల బాధ్యతనుండి తాను విడివడజాలనని యొప్పుకొని, ఆరేండ్ల శిక్షను మారుమాట లేక గైకొనెను. తన యనుచరుల తప్పును దన తప్పుగా జెప్పుకొను నాయకుడు నేడు పలనాటి కేది?

"నేటి కుర్రవాండ్రకు బాధ్యత లేదు, సెల్‌ఫోను వారిని జెరచినది" అని ప్రతి యరుగుమీదను వినుచున్నాము. ఆ మాట యనువారిని మేము కొన్ని ప్రశ్న లడుగుదుము. మీ కుమారుని చదువునకై హైదరాబాదునకు బంపి, మీ పాలేరు కుమారుని చేతికి కర్ర యిచ్చుట న్యాయమా? మీ యింటివాడు తప్పు చేసినపుడు ఠాణాకు బరుగెత్తి వాని పేరు తీసివేయింపజూచుట వానికి నేర్పు పాఠ మేమి? పరుల యింటి తలుపు పగులగొట్టినవానిచేత నా తలుపు బాగుచేయించి, ఆ యింటివారి యెదుట క్షమాపణ చెప్పించిన తండ్రు లెందరు? బాధ్యత ఉపన్యాసములవలన రాదు. తప్పునకు వెల చెల్లించుటవలన వచ్చును. ఆ వెలను తండ్రి చెల్లించినచో కుమారునికి వచ్చునది ధీమా మాత్రమే.

ఇక యువకులకు మా మనవి. వోటుహక్కునకు 21 ఏండ్లు నిండవలెనను నియమమును మార్చి, 1988లో జేసిన 61వ రాజ్యాంగ సవరణమువలన దేశము 18 ఏండ్లవారికే దానిని బ్రసాదించినది. మంచిచెడ్డలు మీరే నిర్ణయించుకొనగలరని దేశము నమ్మినది. ఆ నమ్మకమును మే 13వ తేదీని నిలిపినవారును గలరు. నాడు రాష్ట్రమున నూటికి 81 మందికి పైగా వోటు వేసిరి. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటువరకు వరుసలు కదలుచునే యుండెను. రాళ్లు పడుచుండగా గూడ వరుసలో నిలిచి, వోటు వేసి, యింటికి బోయిన పడుచువారును బలనాటివారే. వారికి బౌరుషము లేదని యెవరనగలరు?

పంచాయతీ యెన్నిక యైనను, శాసనసభ యెన్నిక యైనను మరల వచ్చును. చీకటిపడిన పిమ్మట మీ గుమ్మము ముందు కారు వచ్చి నిలుచును. "తమ్ముడూ, రా" అని పిలుపు వినబడును. అప్పు డావేశపడవలదు, వాదింపను వలదు. కారెక్కుటకు ముం దొక్క ప్రశ్న యడుగుడు: "అన్నా, మీ అబ్బాయి కూడా వస్తున్నాడా?" ఆ ప్రశ్నకు బదులు వచ్చువరకు మీ యింటి గడప దాటకుడు.