ఆకలికి భాష లేదా?

కష్టాల పాలైన కుటుంబాన్ని రంగస్థలం మీదికి తెచ్చిన నాటకం ముగియగానే విజ్ఞులు వేసే ప్రశ్న ఒక్కటే: ప్రేక్షకులు కంటతడి పెట్టారా? పెట్టినట్లయితే నాటకం రక్తి కట్టినట్లే. ఆ కుటుంబం ఏ భాషలో ఏడ్చినదన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. ఆకలికి భాష లేదనీ, దారిద్ర్యం ఎక్కడైనా ఒక్కటేననీ సమాధానం సిద్ధంగా ఉంటుంది. వినసొంపైన ఈ మాట నిజానికి పేదవాని నోరు నొక్కే మాట.

ఆత్రేయ 1949లో వ్రాసిన 'ఎన్జీవో'నే తీసుకొందాము. అందులోని గుమస్తా కుటుంబం తెలుగువారికి తమ ఇంటివలె తోచినదంటే, కారణం దాని లేమి ఒక్కటే కాదు. ఆ లేమిని ఆ ఇల్లు పలికిన తీరు కూడా. ఒకటో తేదీ, అద్దె, అప్పు, పరువు చుట్టూ తిరిగే బ్రతుకు అది. ఆ గుమస్తా నోట పౌరాణిక నాటకపు సంభాషణలు పెట్టి ఉంటే ఎవరు నమ్మేవారు?

ఈ న్యాయాన్ని బీజాపూర్‌కు వర్తింపజేయరెందుకు? బస్తరులో 2007లో ఏర్పడిన ఆ జిల్లాలో గోండీ, దోర్లీ, హల్బీ ఇండ్లలోని మాటలు; భోపాలపట్నం వైపు తెలుగు కూడ వినబడుతుంది. అక్కడి అడవిపల్లె కుటుంబానికి ఒకటో తేదీ లేదు. ఇప్పపువ్వు రాలే కాలమూ, తునికాకు కోసే వేసవీ ఉన్నవి. యాభై ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఇంటిల్లిపాదీ వంగి యాభైవేల ఆకులు కోసి లెక్కపెడితే గాని బస్తా నిండదు. ఆ లెక్క ఏ మాటలలో సాగునో, ఆ ఇంటి దుఃఖమూ ఆ మాటలలోనే సాగుతుంది. దానికి కచేరీ హిందీ తొడిగితే వేదిక మీద వినబడేది తల్లి గొంతు కాదు, అర్జీ వ్రాసిపెట్టినవాని గొంతు.

ప్రేక్షకులకు అర్థం కాదని ఆక్షేపిస్తారు. రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ అనుభవమే దీనికి జవాబు. 1958లో 'మిట్టీ కీ గాడీ'లో ఆయన ఛత్తీస్‌గఢ్ పల్లె నటులచేత హిందీ పలికించాడు. పరాయి మాట వారి ఆటను బిగదీస్తున్నదని క్రమంగా గ్రహించి, 1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో శిబిరం నడిపి, వారి మాటను వారికే వదిలివేశాడు. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' ఛత్తీస్‌గఢీలోనే ఆడి, 1982లో ఎడిన్‌బరోలో బహుమతి పొందినది. అక్కడి ప్రేక్షకులలో ఎందరికి ఛత్తీస్‌గఢీ వచ్చును?

అయితే ఛత్తీస్‌గఢీ సైతం బీజాపూర్ ఇంటి మాట కాదు. ఆ విజయాన్ని చూపి బస్తరు ఋణం తీరినదనుకొనరాదు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఎన్నో కుటుంబాలు ఊళ్లు విడిచి శిబిరాలకూ, సరిహద్దు దాటి ఖమ్మం అడవులకూ తరలిపోయినవి. కచేరీలో, ఆసుపత్రిలో, సంతలో పరాయి మాటలలోనే గోడు చెప్పుకొనవలసిన వారికి నాటకంలోనైనా తమ నోరు తమకు దక్కవద్దా?

అనువాదకుడు ప్రేక్షకునికి తోడ్పడవలసినదే; అందుకై పాత్రను మూగను చేయనక్కరలేదు. సూత్రధారుడు కథను తెలుగులోనో హిందీలోనో అందించవచ్చును. తల్లి మాత్రం బిడ్డను దోర్లీలోనే పిలవాలి. ఆ పిలుపు తెలియనివారు ఒక్క మాట కొత్తగా నేర్చుకుంటే వచ్చే నష్టమేమి?