ముల్లుకు జ్వరమా, ఇంజనుకు జ్వరమా?

పసివాడికి ఒళ్ళు కాలుతున్నదంటే తల్లి ముందుగా నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. థర్మామీటరు సంగతి ఆ తర్వాత. ఈ పద్ధతిలో ఎంత తెలివి ఉన్నదో నాకు మొన్న వేసవిలోగాని తెలిసిరాలేదు. తెలియజెప్పింది డాక్టరు కాదు, మా పాత కారు.

మాది వీరులపాడు. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. జిల్లా మారిందిగాని ఎండలు మారలేదు. మా నాన్నగారు వదిలివెళ్ళిన ఆస్తిలో ఒక అంబాసిడరు కారు ఉన్నది. ఆ రకం కార్ల తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది. అమ్మెయ్యమని సలహా చెప్పనివారు లేరు. కాని నేను పెళ్ళికొడుకునై ఊరేగింది ఆ కారులోనే. అమ్మడానికి చేతులు రావు.

ఒకనాడు నందిగామ వెళుతుంటే, ఇంజను వేడి చూపే ముల్లు ఒక్క ఉదుటున ఎర్రగీత మీదికి పోయింది. నా గుండె గుభేలుమంది. చెట్టుకింద ఆపి మూత ఎత్తాను. ఆవిరి లేదు, వాసన లేదు. మెల్లగా పోనిచ్చి మేస్త్రీ దగ్గరికి చేర్చాను. ఆయన తొందరపడలేదు. "ఇంజను చల్లారనీండి బాబుగారూ, టీ తాగి రండి" అన్నాడు.

చల్లారిన తర్వాత ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళంచెవి మాత్రం తిప్పాడు. ముల్లు మళ్ళీ ఎర్రగీత మీదికే! "చల్లటి ఇంజనుకు ఇంత జ్వరమేమిటండీ? జబ్బు ముల్లుది" అని నవ్వాడు.

సంగతి ఏమిటంటే, ఇంజను నీళ్ళలో మునిగి ఉండేటట్టు ఒక చిన్న బిళ్ళ అమర్చి ఉంటుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ అది కరెంటును ఎక్కువగా పోనిస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. ఆ బిళ్ళ నుంచి వచ్చే వైరు మీది తొడుగు అరిగి ఇనుముకు తగిలిందా, కరెంటుకు అడ్డు ఉండదు. ముల్లు ఆకాశానికి ఎగురుతుంది. వైరు తెగిపోతే దీనికి తారుమారు. ఇంజను మాడిపోతున్నా ముల్లు కదలదు. మేస్త్రీ బిళ్ళ దగ్గర వైరు ఊడదీశాడు. అయినా ముల్లు దిగలేదు. అంటే బిళ్ళ దోషం కాదు, దారిలో వైరు ఎక్కడో తగులుతున్నదన్నమాట. వెతికి, అరిగినచోట టేపు చుట్టాడు. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

"ఇంకొకటండీ. పెట్రోలు ముల్లు కూడా దీంతోపాటే తప్పు చూపిస్తుంటే రెండింటికీ కరెంటు సర్ది ఇచ్చే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని అనుమానించాలి" అని కూడా చెప్పాడు.

ఇక్కడితో కథ కంచికి పోతే బాగానే ఉండేది. నాకు ఆ ముల్లు మీద నమ్మకం పోవడంతో అసలు కథ మొదలైంది. నాన్నా పులి కథ మనకందరికీ తెలిసినదే గదా!

పదిహేను రోజుల తర్వాత, ఒక ఆదివారం పిల్లలతో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి బయలుదేరాం. నందిగామ దాటి పెద్దరోడ్డు మీద కొంచెం జోరు పెంచాను. ముల్లు మెల్లమెల్లగా సగం దాటింది. "ముల్లు లేస్తున్నదండీ" అన్నది మా ఆవిడ. "అది మళ్ళీ వైరే" అన్నాను, మేస్త్రీ నా శిష్యుడైనట్టు. మరికాసేపటికి ముల్లు దానంతట అదే అడుగుకు దిగింది. "చూశావా!" అన్నాను గర్వంగా.

మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఏదో అడుగంటిన వాసన వస్తున్నది. ముందు ఆపండి."

ఆపాను. మూత ఎత్తితే సెగ ముఖానికి కొట్టింది. మా పెద్దవాడు రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టి లాగేసింది. "ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తారట్రా?" నిజమే. ఆ మూత కూడా కుక్కరు మూత వంటిదే. ఒత్తిడిలో నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణాన ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతాయి. వాడి ముఖం ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మరి ముల్లు ఎందుకు దిగింది? నీళ్ళు మరిగి బయటికి పోయి, బిళ్ళ కంటే కిందికి దిగాయి. తాకే నీళ్ళు లేక బిళ్ళ చల్లబడింది. రోగి నోట్లోంచి థర్మామీటరు తీసి, జ్వరం తగ్గిందని సంతోషించాను నేను.

కారును లాగించుకొని మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన వరసగా విచారణ చేశాడు. బజారులో నిదానంగా పోతున్నప్పుడు వేడెక్కి, రోడ్డు మీద గాలి తగిలితే తగ్గుతుంటే ఫ్యాను బెల్టును చూడాలి. పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే, నీళ్ళు వేడెక్కేదాకా ఆపి ఉంచే థర్మోస్టాటు తెరుచుకోలేదేమో చూడాలి. మాది జోరులో వేడెక్కింది. నీళ్ళు పోసి కాసేపు తిప్పి, ఆపిన తర్వాత రేడియేటరు తడిమి చూస్తే ఒకచోట వేడి, ఒకచోట చలవ. లోపల గొట్టాలు పూడుకుపోయాయి.

విప్పితే తెల్లటి పెచ్చులు రాలాయి. మా ఇంటి కాగులో అడుగున కట్టే సున్నమే అది! జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది సున్నపురాయి కోసమే. అక్కడి పాత బౌద్ధస్తూపం శిల్పాలు చెక్కిందీ సున్నపురాతి మీదనే. అటువంటి సీమలో, పప్పు ఉడకని మా బోరునీళ్ళను ఏళ్ళ తరబడి ఆ కారు చేత తాగించాను. తప్పు కారుదీ కాదు, ముల్లుదీ కాదు.

"ఇంకొక కిలోమీటరు పోనిచ్చి ఉంటే గాస్కెట్టు పోయేది, పైన హెడ్డు వంకర తిరిగేది. అమ్మగారికి దణ్ణం పెట్టుకోండి" అన్నాడు మేస్త్రీ.

రేడియేటరు శుభ్రం చేయించి, డిస్టిల్డు వాటరూ కూలెంటూ కలిపి పోయించాను. ఇప్పుడు ప్రతి ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నీళ్ళు చూసుకుంటున్నాను. ముల్లు లేచినా ఆపుతాను, కారణం లేకుండా దిగినా ఆపుతాను. పైగా మా కారులో ఇప్పుడు రెండు మీటర్లు. ఒకటి ముల్లు, రెండవది పక్క సీటులో మా ఆవిడ ముక్కు. రెండవదానికి వైరు అరిగే భయం లేదు.