కింది తరగతికి పంపితే చదువొస్తుందా?

సంపాదకులకు,

ఎనిమిదికొచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లల్ని కింది తరగతికి పంపేయాలంటూ గతవారం అచ్చయిన లేఖతో నాకు పేచీ ఉంది. మీసాలొస్తున్న పిల్లాణ్ని తమ్ముడి బెంచీలో కూర్చోబెడితే వాడు మళ్లీ బడి గడప తొక్కడు.

మా తలుపుల ఊరి వైపు వానలు మొహం చాటేస్తే అమ్మానాన్నల వెంట బెంగళూరు వెళ్లి, ఏడాది మధ్యలో తిరిగొచ్చే పిల్లలున్నారు. గుణింతాలొచ్చు. ‘రాష్ట్రం’ దగ్గర మాత్రం వేలు ఆగిపోతుంది. మొదటి అక్షరం చూసి ‘రాత్రి’ అనేస్తారు. వాళ్లకు కావాల్సింది ఒత్తుల మీద రోజూ గంట కసరత్తు: మాట విడదీయడం, కలపడం, పైకి చదవడం.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లలోనే పనికిపోయే పిల్లలకు శిబిరాల్లో నెలల తరబడి చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. బడి మానేసినవాళ్లకు 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేదీ అదే: వయసుకు తగ్గ తరగతి, తోడుగా ప్రత్యేక శిక్షణ. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 42.8 శాతమే. మిగతావాళ్లందర్నీ వెనక్కి తోస్తారా?

టీచర్లకు ఒక్క మనవి. పెద్ద పిల్లలకు కాకి, నక్క కథలివ్వకండి, సిగ్గుపడతారు. వేరుశనగ ధరల వార్తో, క్రికెట్ వార్తో ఇవ్వండి.

– ఒక పాఠకుడు, తలుపుల, శ్రీ సత్యసాయి జిల్లా