‘ఒకదానిపై ఒకటి’ – ఎంత దూరం?

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి నా పాత విద్యార్థి ఒకడు ఏలూరులోని మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందట నా దగ్గర సంధులూ సమాసాలూ చదువుకుని, వాటిని అంతే వేగంగా మరచిపోయి, ఇన్వర్టర్లు బాగుచేసే పని నేర్చుకుని, ఇవాళ నలుగురికి జీతాలిచ్చే స్థితికి వచ్చినవాడు. చేతిలో ఓ ఫైలు. పేటెంటు దరఖాస్తు, దానిమీద చెన్నై కార్యాలయం నుంచి వచ్చిన తొలి పరీక్షా నివేదిక.

“ఇంగ్లీషు తెలిసినవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారండి మాస్టారూ. వాక్యం తెలిసినవాళ్ళు కావాలండి” అన్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు దక్కిన ఏకైక బిరుదు ఇదే కాబట్టి కాదనలేకపోయాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెలుంటాయి. దీపాలకీ, కెమెరాకీ, మేత చల్లే చిన్న యంత్రానికీ కరెంటు కావాలి. పెద్ద బ్యాటరీని వానాకాలంలో ఆ బురద గట్టు మీద మోసుకుపోవడం మనిషివల్ల అయ్యే పని కాదు. అందుకని మావాడు బ్యాటరీని నాలుగు పెట్టెలుగా విడగొట్టాడు. ఒక్కో పెట్టెలో నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు. సెల్లుకు 3.2 వోల్టుల చొప్పున పెట్టెకు 12.8. నాలుగు పెట్టెలూ మోటారు సైకిలు మీద రెండు విడతలుగా తీసుకుపోయి, గుడిసెలో కుండల దొంతరలా ఒకదానిమీద ఒకటి పెడితే 51.2 వోల్టులు. తీగలు బిగించే పని లేదు. పై పెట్టె కూర్చోగానే కింది పెట్టెతో కలుస్తుంది.

అన్నట్టు, బ్యాటరీ పుట్టడమే దొంతరగా పుట్టింది. 1800 మార్చి 20న వోల్టా లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్సుకు రాసిన లేఖలో వర్ణించినది జింకు బిళ్ళలూ వెండి బిళ్ళలూ, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలూ ఒకదానిమీద ఒకటి పేర్చిన స్తంభాన్నే. ఫ్రెంచివారు నేటికీ బ్యాటరీని ‘పీల్’ అంటారు. దొంతర అనే అర్థం. కనుక ‘పేర్చాను’ అన్నంత మాత్రాన ఎవరికీ పేటెంటు రాదు. ఎలా పేర్చావు అన్నదే ప్రశ్న.

ఇక దరఖాస్తు. పేటెంటు పత్రంలో వివరణ ఎంత పొడుగున్నా, హక్కు నిలిచేది చివరనుండే క్లెయిముల మీదనే. మావాడి మొదటి క్లెయిమును తెలుగు చేస్తే దాదాపు ఇలా ఉంటుంది: ఒకదానిపై ఒకటి పేర్చబడిన అనేక బ్యాటరీ ప్యాకులు గల విద్యుత్ నిల్వ వ్యవస్థ, ఇందులో పై ప్యాకు కింది ప్యాకుకు తగినంత సమీపమున ఉండి గాలి ప్రసరణకు వీలు కల్పించును, సదరు బంధకము ప్యాకులను దృఢముగా కలుపును.

రాసిచ్చినది పట్నంలోని ఒక కన్సల్టెన్సీ. రుసుము తక్కువేం కాదు.

పరీక్షకుడు స్పష్టత లేదన్నాడు. మావాడికి కోపం వచ్చింది. “చూస్తే అర్థం కావడం లేదాండి? పెట్టె మీద పెట్టె!” చూస్తే అర్థమవుతుంది నిజమే. కాని పరీక్షకుడి ముందున్నది పెట్టె కాదు, వాక్యం. వాక్యాన్ని వాక్యంగా చదివితే ‘తగినంత’ దగ్గర ఆగిపోక తప్పదు. దేనికి తగినంత? దగ్గరగా ఉండడానికీ గాలి ఆడడానికీ లంకె కుదరదు. ఒకటి దగ్గరకు లాగితే రెండోది దూరానికి లాగుతుంది. నడిమి పెట్టెలకు పైనా కిందా మూత పడుతుంది కనుక వేడి పోయే దారి కావాలి, అందుకే ఖాళీ. ఆ ఖాళీ మిల్లీమీటరా, జానెడా? మా మండువా లోగిలిలో బోషాణం మీద ట్రంకుపెట్టె కూడా ‘తగినంత సమీపము’నే ఉండేది.

‘సదరు బంధకము’ సంగతి మరీ విచిత్రం. దస్తావేజు రాసే గుమస్తా కూడా ముందు ఆస్తిని చెప్పి, ఆ తర్వాతే ‘సదరు ఆస్తి’ అంటాడు. ఇక్కడ బంధకం అన్న మాట అంతకు ముందెక్కడా లేదు. ఉన్నట్టుండి ‘సదరు’ అంటూ ఊడిపడింది. ఇక ‘ప్యాకు’ అంటే ఒకచోట పెట్టె, ఒకచోట పెట్టెలోని నాలుగు సెల్లులు, మూడో పుటలో నాలుగు పెట్టెల దొంతర మొత్తం. ఒక్క పేరుకు ముగ్గురు మనుషులుంటే వీలునామా ఏమవుతుందో మన జిల్లా వారికి వేరే చెప్పాలా?

క్లెయిమును నేను పొలం దస్తావేజులోని చతుస్సీమలతో పోల్చి చెప్పాను. పొలంలో ఏం పండుతుందో, నీరెంత బాగా పారుతుందో ఎంత వర్ణించినా హక్కు నడిచేది నాలుగు హద్దుల మధ్యనే. 1970 నాటి పేటెంట్ల చట్టంలో 10వ సెక్షను అడిగేదీ అదే: క్లెయిములు స్పష్టంగా ఉండాలి, క్లుప్తంగా ఉండాలి, వివరణలో వెల్లడించిన దానిమీద న్యాయంగా నిలవాలి. హద్దు సరిగా చెప్పకపోతే పేటెంటు వచ్చాక కూడా 64వ సెక్షను కింద దాన్ని రద్దు చేయమని అందులో ప్రయోజనం ఉన్నవారెవరైనా కోర్టుకెక్కవచ్చు. ఇరవై ఏళ్ళ హక్కు ఒక్క విశేషణం మీద కూలిపోవచ్చునన్నమాట.

హద్దుల మాట వస్తే కొల్లేరు గుర్తుకు రాకుండా ఉండదు. 1999 అక్టోబరు 4న వచ్చిన జి.ఓ. 120, కొల్లేటిని +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యమన్నది, 308.55 చదరపు కిలోమీటర్లు. చెరువు అంచు వానకు పెరుగుతుంది, ఎండకు తగ్గుతుంది; బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసినదాన్నీ ఉప్పుటేరు లాక్కుపోయినదాన్నీ బట్టి రోజూ మారుతుంది. అందుచేత నీటి అంచును కాక సముద్రమట్టం నుంచి ఎత్తును హద్దు చేశారు. ఆలోచన మంచిదే. అయినా ఆ గీతలోపల పట్టా భూములు పడ్డాయి, చేపల చెరువులు పడ్డాయి. చెరువు తవ్వి గట్టు పోసినచోట నేల ఎత్తే మారిపోయింది. 2005–06లో చెరువుల గట్లు కొట్టినప్పుడు తన చెరువు గీతకు లోపలో బయటో రైతు కంటితో చూసి చెప్పలేని స్థితి. 2008లో శాసనసభ +3కు తగ్గించమని తీర్మానం చేసింది. 2010లో కేంద్రం అజీజ్ కమిటీని వేసింది. అంకె ఉన్న హద్దుకే ఇంత కథ. కాని ఒక్క తేడా ఉంది. అంకె ఉంది కనుక సర్వేయరు పరికరం పట్టుకుని దిగగలిగాడు. జి.ఓ.లో ‘కొల్లేటికి తగినంత సమీపమున’ అని రాసి ఉంటే ఏం పట్టుకుని దిగేవాడు?

ఇంత పట్టింపు అక్కరలేదనేవారూ ఉన్నారు. తెలిసినవాడు చదివితే అర్థం చేసుకుంటాడుగా అంటారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. ఇంగ్లండులో క్యాట్‌నిక్ అనే సంస్థకు గుమ్మాల మీద వేసే ఉక్కు దూలాల పేటెంటు ఉండేది. క్లెయిములో వెనుక పలక ‘నిలువుగా’ ఉండాలని రాశారు. పోటీదారు దాన్ని 6, 8 డిగ్రీలు వాల్చి, ఇది నిలువు కాదు పొమ్మన్నాడు. 1980లో ప్రభువుల సభ, పనివాడు చదివితే ‘నిలువు’ అంటే లంబకోణం అనుకోడనీ, పని జరిగేంత నిలువు అనే అనుకుంటాడనీ చెప్పి పేటెంటుదారును గెలిపించింది. అమెరికాలో మరో తమాషా. వ్యాయామ యంత్రం పట్టుకున్నప్పుడు గుండె వేగం చెప్పే పరికరంలో రెండు ఎలక్ట్రోడులు ఒకదానికొకటి ‘ఎడంగా’ ఉంటాయని క్లెయిము. ఎంత ఎడంగా? ఈ ఒక్క ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. 2014లో ఆ కోర్టు, విషయం తెలిసినవాడికి హద్దు సహేతుకమైన నిశ్చయంతో తెలియాలని సూత్రం చెప్పి, కేసును కింది కోర్టుకు తిప్పిపంపింది. అక్కడ మరుసటి ఏడు, చేతితో పట్టుకునేది కనుక ఎడం అరచేయి వెడల్పును మించదన్నారు. పేటెంటు నిలిచింది.

నిలిచింది సరే, ఎంత ఖర్చుకు? ప్రభువుల సభ దాకానో సుప్రీంకోర్టు దాకానో వెళ్ళి ‘నిలువు’కూ ‘ఎడం’కూ అర్థం తెచ్చుకోగల స్తోమత పెద్ద కంపెనీలది. మన పక్కనే బజాజ్, టీవీఎస్‌లు రెండు స్పార్కు ప్లగ్గుల ఇంజను మీద 2007 నుంచి మద్రాసు హైకోర్టులో పోరాడాయి. క్లెయిములోని రెండు కవాటాల ఇంజను మాటల్లోకి మూడు కవాటాల ఇంజను వస్తుందా రాదా అన్నది అందులో ఒక పేచీ. 2008 ఫిబ్రవరిలో ఒక న్యాయమూర్తి అమ్మకం ఆపమన్నారు, 2009లో డివిజన్ బెంచి ఆ ఉత్తర్వు తీసేసింది, సంగతి సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. వాళ్ళు తట్టుకున్నారు. గూడెంలో నలుగురు పనివాళ్ళతో నడిచే షాపు ఒక్క వాయిదాకైనా తట్టుకుంటుందా?

కన్సల్టెన్సీ వారు మావాడికి చెప్పిన రహస్యం ఏమిటంటే, మాట ఎంత వదులుగా ఉంటే హక్కు అంత విశాలమట. నేను దీన్ని ఒప్పుకోను. పొలం గట్టు చెప్పకుండా ‘ఈ చుట్టుపక్కలంతా నాదే’ అన్నవాడికి మిగిలేది తగాదాయే. పైగా ఆ వదులుమాట ముందు దెబ్బతీసేది పెద్దవాళ్ళను కాదు. భీమవరంలోనో కైకలూరులోనో ఇలాంటి పెట్టెలే వేరే పద్ధతిలో చేసుకునే మరో చిన్న మెకానిక్కును. తన పని గట్టుకు ఇవతలుందో అవతలుందో తెలియక, లాయరు నోటీసుకు భయపడి మానేసేది అతడు. వాడి సంగతి చెప్పినప్పుడు మావాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడూ ఒకప్పుడు అలాంటి మెకానిక్కే మరి.

అసలు విషయం కాఫీ తాగుతూ మాటల మధ్యన బయటపడింది. “వానలో తడిచేతుల్తో పెడతారు కదరా, షాకు కొట్టదా?” అని అడిగాను, ఏదో అడగాలని. వాడి మొహం వెలిగిపోయింది. పై పెట్టె కాలు కింది పెట్టె గాడిలో పూర్తిగా దిగినప్పుడు మాత్రమే లోపల ఒక చిన్న మీట అణిగి కరెంటు కలుస్తుందట. ఒక మూల లేచి ఉన్నా కలవదట. ఆ మీటకోసం రెండేళ్ళు పట్టిందట, మూడుసార్లు అచ్చులు మార్చాడట. మరి ఆ మీట క్లెయిములో ఏదీ? ఎక్కడా లేదు. పేర్చడమూ గాలీ బంధకమూ ఉన్నాయి. వాడు నిజంగా కనిపెట్టినది మాత్రం లేదు.

ఇద్దరమూ గాభరాగా వివరణ తిరగేశాం. గాభరా ఎందుకంటే, 59వ సెక్షను ప్రకారం ఇప్పుడు చేసే సవరణ మొదట వెల్లడించినదాన్ని దాటిపోకూడదు. దాఖలు చేసిన నాటి కాగితాల్లో మీట లేకపోతే ఈ దరఖాస్తులోకి అది ఇక రాదు. ఐదో పుటలో, బొమ్మల వర్ణన అడుగున, ఒకటిన్నర వాక్యం దొరికింది. పక్కనే ఖాళీ 10 నుంచి 14 మిల్లీమీటర్లు, 12 మేలు అని కూడా. ఆ వాక్యం ఎవరు రాశారని అడిగితే, తాను తెలుగులో ఫోనులో చెప్పినదాన్ని అక్కడి కుర్రాడెవరో చేర్చాడన్నాడు. ఆ కుర్రాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ. రెండేళ్ళు తల బద్దలుకొట్టుకున్నవాడికి తన హద్దులు తానే చదువుకోవడానికి వీల్లేని భాషలో హద్దులు వేశారు. మన పేటెంటు నియమాల ప్రకారం పత్రాలు మామూలుగా హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. ఐరోపా పేటెంటు కార్యాలయం దరఖాస్తును ఏ భాషలోనైనా స్వీకరించి, అనువాదాన్ని తర్వాత ఇమ్మంటుంది. అమెరికా కూడా అంతే. అంటే మావాడు తెలుగులో రాసిన కాగితంతో మ్యూనిక్‌లో దాఖలు తేదీ సంపాదించుకోవచ్చు. చెన్నైలో ఆ వీలు లేదు! పరీక్ష ఇంగ్లీషులో చేసుకోనివ్వండి, నాకు పేచీ లేదు. తొలి పత్రం సొంతభాషలో పుచ్చుకుని, అనువాదానికి గడువిస్తే పోయేదేముంది? అనువాదంలో తప్పు దొర్లినా మూలంలో మీట భద్రంగా ఉంటుంది. అది వచ్చేదాకా నేను చెప్పగలిగినది ఒక్కటే: ఏజెంటు దగ్గరకు వెళ్ళేముందు నీ క్లెయిము నువ్వే తెలుగులో ఒక్క వాక్యంగా రాసుకో, ‘తగినంత’, ‘వీలైనంత’, ‘మొదలగు’ అన్న మాటలు కొట్టేసి చూడు, ఏం మిగిలిందో అది ఇంగ్లీషులోకి వచ్చిందో లేదో వేలుపెట్టి అడుగు.

నివేదికకు జవాబివ్వడానికి ఆరు నెలల గడువు. అప్పటికే రెండు నెలలు పోయాయి. ఆ సాయంత్రమే కూర్చున్నాం. పెట్టెను పెట్టె అన్నాం, నాలుగు సెల్లులను కట్ట అన్నాం, మొత్తాన్ని దొంతర అన్నాం. ‘పై పెట్టె అడుగునగల కాళ్ళు కింది పెట్టె పై అంచునగల గాడులలో పూర్తిగా కూర్చున్నప్పుడు నడుమ 10 నుంచి 14 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుననియు, ఆ స్థితిలో మాత్రమే మీట అణగి విద్యుత్తు కలియుననియు...’ అంటూ ఒక వాక్యం నిలబెట్టేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. నాకు గొప్పగా అనిపించి చదివి వినిపించాను.

గిన్నెలు తీసుకుపోతున్న మా ఆవిడ గుమ్మంలో ఆగి, “పెట్టెలు పక్కకు పడుకోబెడితే ‘పై’ ఏదండీ?” అంది.

మావాడు ఏడింటి రైలు వదులుకున్నాడు. కొత్త కాగితం తీశాం.