పెరటి చెట్టు – మాల్టా చెప్పే పాఠం

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్న సామెత మనలో బహుళ ప్రచారంలో ఉన్నది. ఇంటివాని చూపులోని లోపాన్ని ఎత్తిపొడవడానికే పెద్దలు ఈ మాట పుట్టించి ఉంటారు. మనమో, దానిని తీర్పుగా స్వీకరించి కూర్చున్నాము. "మన ఊరివాడు ఏమి చేయగలడు? ఇంత చిన్న సమాజం నుండి ఎవరు పైకి రాగలరు? మన ఇంట్లో మాట్లాడే మాట ఏ కచేరీలో చెల్లుతుంది?" అనే ప్రశ్నలు కళాశాల వరండాలలో సైతం వినవస్తూనే ఉన్నవి. గొప్పతనానికి విశాలమైన నేల, విస్తారమైన జనసంఖ్య కావాలన్న భ్రమయే వీటన్నిటికి మూలం. ఈ భ్రమను తొలగించగల దేశమొకటి మధ్యధరా సముద్రం నడుమ ఉన్నది. దాని పేరు మాల్టా.

సిసిలీ ద్వీపానికి దక్షిణంగా ఉన్న ఈ దేశ వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన హైదరాబాదు మహానగరంలో సగమైనా ఉండదు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య 5,19,562. చెప్పుకోదగిన నది లేదు, అడవి లేదు. ఫినీషియనులు మొదలుకొని రోమనులు, అరబ్బులు, సెయింట్ జాన్ నైట్లు, ఫ్రెంచివారు, ఆంగ్లేయుల వరకు ఎందరో దానిని ఏలారు. 1964 సెప్టెంబరు 21న గాని స్వాతంత్ర్యం రాలేదు. అయినను ఆ రాతి దీవి పేరును చరిత్రలో నిలిపిన వ్యక్తులు ఉన్నారు. వారి జీవితాలను పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. వారు తమ కీర్తికి ఆధారమైన వస్తువును దూరతీరాలలో వెదకలేదు. ఇంట్లోని భాషను, వాకిట్లోని మేకను, చుట్టూ ఉన్న సముద్రాన్ని చూశారు. అందరూ నిత్యం చూస్తూ లెక్కచేయని వాటిని వారు శ్రద్ధతో చూశారు.

మొదట భాష సంగతి. మాల్టీసు భాష అరబ్బీ నుండి పుట్టి, ఇటాలియను పదాలను సమృద్ధిగా కలుపుకొని, రోమను లిపిలో వ్రాయబడుతున్నది. ఉర్దూ చదివే మన విద్యార్థికి అది ఎక్కడో విన్న పాటవలె తోచక మానదు. మన కితాబ్ అక్కడ క్తీబ్, మన దునియా అక్కడ దిన్యా, మన రూహ్ అక్కడా రూహే. ఆ ప్రజలు కాథలిక్కు క్రైస్తవులు, కాని దేవుని అల్లా అనే పిలుస్తారు. మాటలు మతాల సరిహద్దులను ఎంత సులువుగా దాటగలవో ఈ ఒక్క ఉదాహరణ చాలును. అయితే ఈ భాషకు స్వదేశంలో గౌరవం దక్కడానికి వందేళ్ళకు పైగా పట్టింది. న్యాయస్థానంలోను, విద్యావంతుల సభలోను ఇటాలియనుదే పెత్తనం. మాల్టీసును వంటింటి భాష అని ఈసడించేవారు.

ఆ వంటింటి భాషను పండితుల బల్లమీదికి తెచ్చినవాడు మికియేల్ ఆంటోన్ వసల్లి. 1764లో జెబ్బూజ్ అనే గ్రామంలో పుట్టి, పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. రోమునగరంలో ప్రాచ్యభాషలు చదివి, ఆ విద్యాబలంతో తన తల్లి మాటను పరిశీలించాడు. 1791లో వ్యాకరణం, 1796లో నిఘంటువు వెలువరించాడు. ప్రజలకు వారి భాషలోనే విద్య నేర్పాలని కోరాడు. నాటి పాలకులైన నైట్లకు వ్యతిరేకంగా జరిగిన కుట్రలో పాల్గొన్నాడని 1797లో చెరసాల పాలయ్యాడు. తరువాత దేశాంతరవాసం అనుభవించి 1820లో తిరిగివచ్చాడు. 1825లో మాల్టా విశ్వవిద్యాలయంలో ఆ భాషకు తొలి ఆచార్యుడయ్యాడు. రైతుల నోట, ముసలమ్మల నోట ఉన్న సామెతలను వందలకొద్దీ సేకరించి 1828లో గ్రంథంగా ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే మరణించాడు.

అదే జెబ్బూజ్‌లో 1871లో జన్మించిన డున్ కార్మ్ ప్సాయిలా మతాచార్యుడు, కవి. నలభయ్యేళ్ళ వయస్సు వరకు ఆయన కవిత్వమంతా ఇటాలియనులోనే సాగింది. 1912లో మొదటిసారి మాల్టీసులో పద్యం వ్రాశాడు. పేరు తెచ్చిన భాషను పక్కనబెట్టి, పేరులేని భాషకు పేరు తెచ్చే పనికి పూనుకోవడం సామాన్యమైన సాహసం కాదు. 1922లో బడిపిల్లలు పాడుకొనేందుకు ఆయన వ్రాసిన గీతమే తరువాత ఆ దేశ జాతీయగీతమైంది. 1934లో మాల్టీసుకు అధికారభాష హోదా లభించింది. 2004లో మాల్టా యూరోపియను యూనియనులో చేరినప్పుడు, ఒకనాటి వంటింటి భాష ఫ్రెంచి, జర్మను భాషల సరసన ఆ కూటమి అధికారభాషలలో ఒకటిగా కూర్చున్నది.

ఇక వైద్యుని కథ. మాల్టా జ్వరం అనే వ్యాధి ఆ దీవిలోని ప్రజలను, ఆంగ్ల సైనికులను నెలల తరబడి మంచం పట్టించేది. డేవిడ్ బ్రూస్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు 1887లో దాని క్రిమిని కనుగొన్నాడు. కాని అది మనిషిలోకి ఏ దారిన వస్తున్నదో తెలియలేదు. గాలిని, మురుగును, దుమ్మును అనుమానించారు. పరిశోధన సంఘంలో సభ్యుడైన స్థానిక వైద్యుడు తెమిస్తొక్లిస్ జామిట్ 1905లో మేకల రక్తాన్ని పరీక్షించాడు. ఆ రోజులలో మేకలను ఇంటింటికి తోలుకువచ్చి గడపముందే పాలు పిండి ఇచ్చేవారు. చూపుకు ఆరోగ్యంగా ఉన్న ఆ మేకలలోనే వ్యాధి జాడ దొరికింది, పాలలో క్రిమి కనిపించింది. 1906లో సైన్యం మేకపాలను నిషేధించగానే సైనికులలో జ్వరం ఆశ్చర్యకరంగా తగ్గిపోయింది. మేకపాలు మానని సామాన్య ప్రజలకు మాత్రం ఆ బాధ మరికొన్ని దశాబ్దాలు తప్పలేదు. శత్రువు ప్రతి ఉదయం గడపలోకి వస్తుంటే అందరూ ఆకాశంకేసి చూశారు. జామిట్ గడపవైపు చూశాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. తార్షీన్ వద్ద రైతుల నాగళ్ళకు అడ్డు తగిలే రాళ్ళ సంగతి విని, 1915 మొదలు 1919 వరకు త్రవ్వకాలు జరిపి ఈజిప్టు పిరమిడ్లకన్న ప్రాచీనమైన దేవాలయాలను వెలికితీశాడు. పొలంలో రాయి ఎవరికైనా కనబడుతుంది. అది తన పూర్వుల చేతిపని కావచ్చునన్న ఆలోచన రావడానికి మాత్రం సొంత నేలమీద గౌరవం ఉండాలి.

మూడవది సముద్రం. ఐక్యరాజ్యసమితిలో మాల్టా తొలి శాశ్వత ప్రతినిధి ఆర్విడ్ పార్దో. తన దేశం ఆ సమితిలో చేరి మూడేళ్ళయినా నిండకముందే, 1967 నవంబరు 1న ఆయన సుదీర్ఘమైన ఉపన్యాసం ఒకటి చేశాడు. సముద్రగర్భంలోని సంపద బలవంతులైన కొద్ది దేశాల పాలు కారాదని, దేశాల ఏలుబడికి వెలుపలనున్న సముద్రపు అడుగు మానవాళి అందరి ఉమ్మడి వారసత్వం కావాలని వాదించాడు. 1970లో సర్వప్రతినిధి సభ ఆ సూత్రాన్ని అంగీకరించింది. 1982లో సముద్ర న్యాయ ఒడంబడికమీద సంతకాలు జరిగి, 1994లో అది అమలులోకి వచ్చింది. హిందూ మహాసముద్రపు అడుగున ఖనిజాల అన్వేషణకు మన భారతదేశం 1987లో అంతర్జాతీయ గుర్తింపు పొందినది కూడ ఈ వ్యవస్థ క్రిందనే. పెద్ద నౌకాబలం లేని దేశం సముద్రాలకు ధర్మం చెప్పగలిగింది. చిన్నదానికి బలం లేదు గనుకనే న్యాయం విలువ బాగా తెలుసు.

మన కళాశాల విద్యార్థినులు స్మరించదగిన పేరు అగాథా బార్బరా. బడిపంతులమ్మగా పనిచేసిన ఈమె, మాల్టా స్త్రీలకు ఓటు హక్కు వచ్చిన 1947లోనే శాసనసభకు ఎన్నికైంది. 1955లో విద్యామంత్రిణి అయింది. 1982 నుండి 1987 వరకు దేశాధ్యక్ష పదవిని అలంకరించింది.

అయితే ఈ చరిత్రలో చేదు కూడ ఉన్నది. దానిని దాచి పొగడ్తలు మాత్రమే వ్రాస్తే అది వ్యాసం కాదు, భట్రాజుల పని. భాషకు ప్రాణం పోసిన వసల్లికి చర్చి తన శ్మశానంలో చోటు నిరాకరించింది. ఆయన శవాన్ని ప్రొటెస్టంటుల శ్మశానంలో పూడ్చవలసి వచ్చింది. పేదలకు చదువు, హక్కులు కావాలని పత్రిక నడిపిన మాన్వెల్ దిమెక్ 1914లో దేశబహిష్కృతుడై 1921లో ఈజిప్టులో మరణించాడు. 1971లో ప్రభుత్వం మారడంతో పార్దో పదవి పోయింది. చిన్న సమాజానికి ఉన్న అసలు ప్రమాదం చిన్నతనం కాదని నా అభిప్రాయం. అందరూ అందరినీ ఎరిగి ఉండడంవల్ల, "వీడు ఫలానావాని కొడుకే కదా" అన్న చులకన అక్కడ సులభంగా పుడుతుంది. పెరటి చెట్టును నరికినవారు ఇరుగుపొరుగువారు కారు, ఇంటివారే.

కొందరు మిత్రులు ఇలా ప్రశ్నింపవచ్చును: "మాతృభాష, మాతృభాష అని కూర్చుంటే ఉద్యోగాలు ఎవరిస్తారు? ఇంగ్లీషు లేనిదే గడుస్తుందా?" ప్రశ్న న్యాయమైనదే. ఫీజు కట్టడానికి ఇంట్లో నగ కుదువబెట్టిన తల్లిదండ్రులకు ఇది పుస్తకాల చర్చ కాదు, బ్రతుకు సమస్య. కాని మాల్టా ఇంగ్లీషును వెళ్ళగొట్టలేదు. నేటికీ అక్కడ మాల్టీసు, ఇంగ్లీషు రెండూ అధికారభాషలే. ఇటాలియను కూడ తెలిసినవారు ఎందరో. ఇంటి భాష నిలబడినందువల్ల వారికి మరొక భాష రాకుండ పోలేదు. ఒకదానిని నేర్చుకొనడానికి మరొకదానిని చూసి సిగ్గుపడనక్కరలేదని వారి అనుభవం చెబుతున్నది.

ఇప్పుడు మన సంగతి. మన ఉర్దూ విద్యార్థి ఇంట్లో దక్కనీ మాట్లాడి, సభలో అది నోరు జారితే నాలుక కరచుకొంటాడు. మన తెలుగు విద్యార్థి తన పల్లె మాటను పరీక్షాపత్రంలోనే గాక సంభాషణలో కూడ దాచుకొంటాడు. హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం చెప్పినది ఈ దక్కనీలోనే. అచ్చ తెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగనార్యుడు అంకితమిచ్చినది అమీనుఖానుకే. ఇట్టి వారసత్వం గలవారికి ఇంటి మాటను చూసి సిగ్గెందుకు?

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటి పెద్దలనుండి పది దక్కనీ సామెతలో, పది తెలుగు పలుకుబడులో, ఒక వృత్తికి సంబంధించిన పదాలో వ్రాసి తేవాలని నియమం పెట్టండి. వాటిని గ్రంథాలయంలో ఒక అల్మారాలో భద్రపరచండి. ఉత్తమమైనవి ఈ సంచికలో, రెండు లిపులలోను ముద్రించండి. వసల్లి చేసిన పని ఇంతకన్న మరేమీ కాదు. నేడు మనం వ్రాసుకొనకపోతే, ఆ మాటలు తెలిసిన పెద్దలతోపాటు అవి కూడ మట్టిలో కలసిపోతాయి.

విద్యార్థి మిత్రులారా! మన సంఖ్య ఎంత అన్న లెక్క జనాభా అధికారులు వేసుకొంటారు. మన గడపలో ఏమున్నదో చూడడం మాత్రం మనమే చేయవలసిన పని. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం, ఒక కలం తీసుకొని వెళ్ళండి. మీ నానమ్మ మాట్లాడుతుంటే వ్రాసుకొనండి.